బోర్లించే చేతులు

కరోనా వచ్చిన మొదటి ఏడాది. ఆయాగా పనిచేసే వినోద పొద్దున్నే డిండోలి బస్తీ నుంచి ఆసుపత్రికి వచ్చి, గాజులు తీసి కొంగున ముడేసుకుని వార్డులోకి వెళ్లేది. ఊపిరి అందని రోగిని బోర్లా తిప్పేటప్పుడు ముందు చెయ్యి, తర్వాత భుజం, ఆఖరున తల; ఒక్క గొట్టమూ ఊడేది కాదు. డాక్టర్లు దాన్ని ప్రోన్ థెరపీ అనేవారు. ఆమె మూతికి మాత్రం ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కే. ఆ రోజు రక్షణ కిట్లు పంచుతున్న సూపర్‌వైజర్ రోహిత్ ఆమెను పక్కకు జరగమన్నాడు. “ఇవి థెరపీ టీమ్‌కే అక్కా. నీది సేవ, బస్, అంతే.”

వినోద ముఖం జేవురించింది. నాలుగో బెడ్డు మీది లెక్చరర్ నిరంజన్ నిన్ననే ఆయాసపడుతూ ఆమెకు ఆ మాట పుట్టుక చెప్పాడు. థెరపీ గ్రీకు మాట. పూర్వం దానికి పక్కనుండి సేవ చేయడమనే అర్థం. “ఆ పేరు మా పనిదేనంట, సారు చెప్పిండు. గుంజుకున్నరు గదా, మీరే ఉంచుకోండ్రి. నాకు కిట్టియ్. లేకుంటే సారును నువ్వే పోయి బోర్ల తిప్పు.”

లోపల నాలుగో బెడ్డు గంట మోగింది. వినోద కదల్లేదు. రోహిత్ వార్డు తలుపు వైపు చూసి, తలవంచుకుని కిట్టు అందించాడు. ఆమె దాన్ని కోపంగా లాగి తొడుక్కుంది. నిరంజన్ భుజం కింద మాత్రం చెయ్యి మెల్లగా పెట్టింది.