ఎడమచేతి సర్వీసు

మూడేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, దోహాలో అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని గోంగూర గిల్లుతుంటే మా క్లబ్ మేనేజర్ ఫోన్ చేశాడు.

"మీరు ఎడమచేత్తోనే ఆడతారు కదా?"

అవునన్నాను. నేను ఆ క్లబ్బులో సాయంత్రాలు పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. దోహాలో ఆడవాళ్ళ టోర్నమెంటుకు హంగరీ నుంచి ఒక అమ్మాయి వచ్చిందట. మర్నాడు ఆమెకు క్వాలిఫయింగ్ మ్యాచ్. ఎదురాడే మనిషిది ఎడమచేతి వాటం. ఎడమచేతి సర్వీసు ఎలా తిరిగి వస్తుందో అలవాటు చేసుకోవడానికి ఎవరైనా గంటసేపు సర్వీసు చెయ్యాలి. ఊళ్ళో అలాంటివాళ్ళు దొరకలేదు.

"నాకు ముప్ఫై ఆరేళ్ళండీ," అన్నాను.

"గీతకు రెండడుగులు ముందుకొచ్చి కొట్టండి. వేగం అదే వస్తుంది," అన్నాడు.

గోంగూర అలాగే వదిలేసి మెట్రో ఎక్కాను.

నేను విజయవాడలో పెరిగాను. పదేళ్ళప్పటి నుంచి పదిహేడేళ్ళ దాకా టెన్నిస్ తప్ప వేరే లోకం తెలియదు. మా నాయనమ్మ "పుర్రచెయ్యి పిల్ల" అని విసుక్కునేది, మా కోచ్ ఆ పుర్రచేతినే బంగారంలా చూసుకునేవాడు. జాతీయ జూనియర్ పోటీలకు రెండుసార్లు వెళ్ళాను. ఇంటర్ రెండో ఏడాదిలో మా నాన్న నా రాకెట్లు రెండూ గుడ్డసంచీలో కట్టి అటక మీద పెట్టారు. "ఎంసెట్ అయ్యాక ఆడుకుందువుగానిలే," అన్నారు. ఎంసెట్ అయింది, ఇంజనీరింగ్ అయింది, పెళ్ళయింది, ఖతర్ వచ్చాం. ఆడటం మాత్రం అవలేదు.

కోర్టు దగ్గరకు వెళ్ళేసరికి ఆ అమ్మాయి తాడాట ఆడుతూ ఒళ్ళు వేడెక్కించుకుంటోంది. పొడుగు మనిషి, ఎర్రగా కమిలిన ముక్కు, జడ మీద టోపీ. పంతొమ్మిదేళ్ళు అని చెప్పారు. మనసులో లెక్క వేసుకున్నాను. నా రాకెట్లు అటకెక్కిన ఏడాదే ఆమె పుట్టింది.

గంటసేపు సర్వీసు చేశాను. నాకు బలం లేదు గానీ బంతిని కోసి పక్కకు తిప్పడం చేతికి ఇంకా గుర్తుంది. మొదటి పది బంతులకూ ఆమె రాకెట్ అందలేదు. నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. పదకొండోది తిరిగొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. ఆ తర్వాత అన్నీ తిరిగొచ్చాయి. మంచి దెబ్బ తగిలినప్పుడల్లా ఆ పిల్ల పిడికిలి బిగించి "గ్యెరుంక్!" అని అరిచేది. నన్ను తిడుతోందేమో అనుకున్నాను.

"తిట్టు గాదు మేడం," అన్నాడు కోర్టులు ఊడ్చే మనిషి. ఆయనది జగిత్యాల వైపు, నలభై దాటినవాడు, ఇక్కడ ఉమ్ ఘువైలినా పేటలో ఉంటాడు. "నేను అడిగిన. మనం యల్లా అంటం జూడు, గట్ల. పద పద అన్నట్టు. మస్తు మంచి పోరి మేడం. పొద్దుగాల నాకు నమస్తే బెట్టింది."

ఆయనకు కూడా ఆ పిల్ల నచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది.

ఆట అయ్యాక ఆ అమ్మాయి వాళ్ళమ్మ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చిన్న చాకుతో యాపిల్ ముక్కలు కోసి పెట్టింది. ఆవిడ వాళ్ళ ఊళ్ళో వ్యాయామం టీచరట. కూతురు పదమూడేళ్ళకే టెన్నిస్ తప్ప ఇంకేమీ వద్దందని, తానూ సరేనందని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"మరి చదువు?" అన్నాను.

"చదువా? ఇంటి నుంచే పరీక్షలు రాసింది. చదువు ఎక్కడికి పోతుంది? అరవై ఏళ్ళకైనా చదువుకోవచ్చు. సర్వీసు అరవై ఏళ్ళకు రాదు కదా."

నవ్వుతూనే అంది పాపం. ఆ పిల్ల కాళ్ళు, భుజాలు, రాకెట్ చూసి నాకంత కుళ్ళు కలగలేదు. వాళ్ళమ్మను చూసి కలిగింది. ఇలాంటి మాట మా ఇంట్లో ఒక్కరు, ఒక్కసారి అని ఉంటే!

స్నానం చేసి బయటికొస్తుంటే ఒక మనిషి పలకరించాడు. మర్నాడు హంగరీ అమ్మాయితో ఆడబోయే ఎడమచేతి క్రీడాకారిణికి కోచ్. పక్క కోర్టు నుంచి మమ్మల్ని చూశాడట. నా సర్వీసును మెచ్చుకున్నాడు. ఎక్కడ ఆడానో, ఎందుకు మానేశానో అడిగాడు. దోహాకొచ్చిన పదేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. తర్వాత మామూలుగా అన్నట్టు, "ఆ అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు.

చెప్పకూడదని నాకు తెలుసు. ప్రాక్టీసుకు పిలిచినవాళ్ళ సంగతి ఎదుటివాళ్ళకు చెప్పడం ఆటలో దొంగతనం లాంటిది. ఎవరూ కాగితం మీద రాయకపోయినా అందరికీ తెలిసిన నీతి అది. అయినా చెప్పాను.

"బాగా ఆడుతుంది. కానీ ముఖ్యమైన పాయింటు దగ్గర కంగారుపడేలా ఉంది. ఎడమవైపు గళ్ళో నిలబడినప్పుడు బంతి పక్కకే వస్తుందని ముందే ఒక అడుగు ఎడమకు జరుగుతుంది. అప్పుడు మధ్యగీత మీదికి కొడితే కదల్లేదు."

ఆ లోపం నేను కనిపెట్టి అరగంటయింది. ఆ పిల్లకు చెబుదామనే అనుకున్నాను. యాపిల్ తినేటప్పుడు నాలుక దాకా వచ్చింది కూడా. వాళ్ళమ్మ మాటతో ఆగిపోయింది.

మర్నాడు గాలి దుమారంగా ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. నేను వెనక వరసలో కూర్చున్నాను. కోర్టులు ఊడ్చే ఆయన డ్యూటీ మధ్యలో వచ్చి పక్కన నిలబడ్డాడు. మొదటి రెండు సెట్లూ చెరొకటయ్యాయి. మూడో సెట్టు సగం దాకా హంగరీ అమ్మాయిదే పైచేయి. అక్కడ ఎదుటి మనిషి మధ్యగీత మీదికి కొట్టడం మొదలుపెట్టింది. ఒకసారి. మళ్ళీ గట్టి పాయింటు దగ్గర ఇంకోసారి. రెండుసార్లూ ఆ పిల్ల ఎడమకు జరిగి ఉంది, బంతి కుడిపక్క నుంచి దూసుకుపోయింది. చివరి పాయింటూ అంతే. ఆ అమ్మాయి కదలకుండా బంతి పడ్డ గుర్తునే చూస్తూ నిలబడింది.

అబద్ధం చెప్పను. ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. ఎవరో వీపు మీది బరువు దింపినట్టు.

"మన పోరి ఓడిపాయె మేడం," అన్నాడు పక్కనాయన. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గెలుస్తదని ఇంటికి ఫోన్ జేసి గూడ జెప్పిన. దుబాయ్ల టీవీల వస్తదా అని అడుగుతున్నరు మావోళ్ళు, వాళ్ళకు గల్ఫంత దుబాయే."

మెట్ల దగ్గర వాళ్ళమ్మ ఎదురైంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు రాకపోతే ఇంకా తొందరగా ఓడిపోయేది. మీ సర్వీసు చాలా మేలు చేసింది," అంది. నేను తలూపి, మెట్రో స్టేషన్ దాకా పరుగులాంటి నడక నడిచాను.

ఆ తర్వాత ఏడాది పాటు నేను చేసింది ఎవరికీ చెప్పుకోదగ్గది కాదు. ఫోన్లో ఆమె స్కోర్లు చూసేదాన్ని. పప్పు తాలింపు వేస్తూ, పిల్లల క్లాసుల మధ్య, డాక్టరు దగ్గర వరసలో కూర్చుని. ఎక్కడో పోర్చుగల్‌లో, ఎక్కడో టర్కీలో, పేరు తెలియని ఊళ్ళలో చిన్న చిన్న పోటీలు. గెలిస్తే ఆ రోజు ఇంట్లో అందరి మీదా విసుగు. ఓడితే కూరలో ఉప్పు సరిగ్గా పడేది. మా ఆయన ఒకసారి, "ఎవరే ఆ అమ్మాయి? చుట్టాల పిల్లలా చూస్తున్నావు," అన్నారు. "ఊరికే," అన్నాను.

సెప్టెంబరు చివర్లో ఆమె మణికట్టుకు ఆపరేషన్ అయిందని చదివాను. నాలుగు నెలలు స్కోర్లు లేవు. మొదట ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నానని తెలిసి ఫోను బోర్లా పెట్టేశాను. నాకు ఏ హక్కు ఉందని? ఆ పిల్ల నా రాకెట్లు అటకెక్కించలేదు.

మరుసటి ఫిబ్రవరిలో మేనేజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "ఆ హంగరీ అమ్మాయి వచ్చింది. ఎడమచేతి ఆంటీ కావాలట. మీ పేరు కూడా చెప్పింది."

ఈసారి ఒంటరిగా వచ్చింది. వాళ్ళమ్మకు సెలవు దొరకలేదట. మణికట్టు మీద గులాబీరంగు మచ్చ. నన్ను చూడగానే చెయ్యి ఊపింది. బుట్టలో బంతులు నింపుకుంటూ, సర్వీసు మొదలుపెట్టకముందే, చెప్పేశాను. పోయినసారి ఎదుటి కోచ్‌కు ఆ ఎడమ అడుగు సంగతి నేనే చెప్పానని. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. "నీ మీద కుళ్ళు," అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట మరీ చిన్నగా, మరీ సిగ్గులేకుండా వినిపించింది.

ఆమె చేతిలోని బంతిని బుట్టలో పడేసి అడిగింది.

"అడుగు ఎడమకు వేస్తున్నానని మీకు తెలుసా? ప్రాక్టీసులోనే?"

"తెలుసు."

"అది కనిపెట్టడానికి నాకూ నా కోచ్‌కూ ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఓడినప్పుడల్లా అలాగే ఓడిపోయాను." ఆమె రాకెట్ అందుకుంది. "వాళ్ళకు చెప్పారు, సరే. నాకు ఎందుకు చెప్పలేదు?"

క్షమించమన్నాను. ఆమె సరేననలేదు, పొమ్మనీ అనలేదు. గీత వెనక్కి వెళ్ళి నిలబడింది.

"మధ్యగీత మీదికి కొట్టండి. నేను చాలనేదాకా."

కొట్టాను. ఆమె ఈసారి పిడికిలి బిగించి అరవలేదు. తిరిగొచ్చిన ప్రతి బంతీ నేరుగా నా ఒంటి మీదికే వచ్చింది. ఒకటి తొడకు తగిలి వాచింది. నా భుజం లేవనంత దాకా ఆడించి, "చాలు," అని సంచీ సర్దుకుంది. వెళ్ళేటప్పుడు మాత్రం ఆగి, "ఇప్పుడు ఇంకేమైనా కనిపించిందా?" అని అడిగింది.

కనిపించింది. ఆపరేషన్ అయిన చెయ్యిని కాపాడుకుంటూ రెండు చేతులతో రాకెట్ పట్టి కొట్టే దెబ్బను చివరిదాకా ఊపకుండా మధ్యలోనే ఆపేస్తోంది. చెప్పాను. ఆమె ఫోన్లో రాసుకుంది.

ఆ ఏడాది క్వాలిఫయింగ్ దాటి అసలు పోటీలోకి వెళ్ళింది, అక్కడ ఒక మ్యాచ్ గెలిచింది. కోర్టులు ఊడ్చే ఆయన ఆ రోజు కంపెనీ బస్సు వదిలేసి నిలబడి చూశాడు. నేనూ చూశాను. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టాను, కొడుతూనే కుళ్ళుకున్నాను. రెండూ నిజమే.

మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు క్వాలిఫయింగ్ ఆడక్కర్లేని ర్యాంకు. వాళ్ళమ్మ ఉంది, కోచ్ ఉన్నాడు, దేశదేశాలూ వెంట తిరిగే ప్రాక్టీసు కుర్రాడున్నాడు. పాతికేళ్ళవాడు, ఎడమచేతివాడు. మేనేజర్ నాకు ఫోన్ చెయ్యలేదు. నేనే వెళ్ళి కంచె బయట నిలబడ్డాను. వాడి సర్వీసు నా సర్వీసుకు రెండింతల వేగం, తిప్పడం మాత్రం నాలా రాదు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆమె బంతి తీసుకోవడానికి వంగి, నన్ను చూసి రాకెట్ పైకెత్తింది. మళ్ళీ ఆటలో పడిపోయింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ మా ఆయనకు మొత్తం కథ మొదటిసారి చెప్పాను.

"అయితే ఇప్పుడు నీ కుళ్ళు ఆ కుర్రాడి మీదనా?" అన్నారు చివరికి.

"వాడి మీదే," అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. క్లాసుకు వేళయిందని బూట్లు వేసుకున్నాను.