అజీజ్‌బీ వేలిముద్రలు

దానం ఇచ్చేవాడికి శాస్త్రం ఎన్నో నియమాలు విధించింది: దేశం చూడాలి, కాలం చూడాలి, పాత్రత చూడాలి. పుచ్చుకొనేవారికి మాత్రం తప్పుకొనే తోవ చూపలేదు. ఇచ్చినవాడి పాపంలో కొంత పుచ్చుకున్నవారికి అంటుకుంటుందని హెచ్చరించి ఊరుకుంది. రఘునాథపల్లికి కూతవేటు దూరంలోని ఒక ఉన్నత పాఠశాల గేటు దగ్గర ఉడకబెట్టిన పల్లికాయలమ్మే అజీజ్‌బీకి ఆ శాస్త్రం తెలియదు. యాభై ఏళ్లుగా ఆమె పుచ్చుకుంటూనే వచ్చింది.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆ బడిలో కనకయ్య మాస్టారు స్కౌటు దళం పెట్టినప్పుడు పిల్లలు ముప్పై ఇద్దరు కుదిరారు కాని, మెడకు స్కార్ఫులు కుదరలేదు. అజీజ్‌బీ భర్త, దర్జీ బాబామియా, ఆకుపచ్చ బట్టకు పసుపు అంచు వేసి మూడు రోజుల్లో ముప్పై రెండు కుట్టి ఇచ్చాడు. కూలి పుచ్చుకోలేదు.

“నాకేం వద్దు సారూ. మా ఇంటామె గంప పెట్టుకోనీకి గేటు పక్కన ఇంత జాగ సూపియ్యిండ్రి, సాలు.”

మాస్టారు కుడిచేతి మూడు వేళ్లు ఎత్తి నిలబడ్డాడు. “ఈ దళం ఉన్నన్ని దినాలు ఆ జాగ నీ ఇంటామెదే. స్కౌటు మాట, బాబామియా.”

బాబామియా ఒక షాబాదు బండ తెచ్చి అక్కడ పరిచాడు. మాట గాలిలో కలిసింది, బండ మిగిలింది.

ఆ దళానికి ఒక ఆచారం ఉంది. ఉదయం స్కార్ఫు కొసకు ముడి వేసుకోవాలి. ఎవరికైనా ఒక మేలు చేసిన తరువాతనే దానిని విప్పాలి. మేలు పొందినవారి చేత మంచిపని పుస్తకంలో సంతకం పెట్టించాలి. నియమం ఉదాత్తమైనదే. కాని దినదినమూ ముప్పై ఇద్దరికి సరిపడా కష్టాలను ఏ ఊరు సమకూర్చగలదు? గేటు దగ్గర కదలకుండా కూర్చునే అజీజ్‌బీ దొరికింది. కన్నతల్లిని పిలిచినట్టే పిల్లలు ఆమెను ‘అవ్వా’ అనేవారు. నిండిన కుండలో మళ్లీ నీళ్లు పోసేవారు. ఊడ్చిన చోటే ఊడ్చి దుమ్మంతా పల్లికాయల మీదికి లేపేవారు. బేరం జరిగే వేళకు చెరో రెక్క పట్టుకొని రోడ్డు దాటించేవారు.

“ఆ దిక్కు నాకేం పని లేదుర, సచ్చినోడా!”

“జర రా అవ్వా, బెల్లు కొడతరు. మా ముడి ఇప్పుకోవాలె.”

ఆమె తిట్టుకుంటూ తానే తిరిగి దాటి వచ్చేది. చదువు లేదు కనుక వేలిముద్ర వేసేది. సిరా ఆరని ఆ ఎడమ బొటనవేలు చూసి బేరగాళ్లు నవ్వేవారు: “ఏందవ్వా, దినాం రిజిస్ట్రేషన్లేనా? ఊరంత రాసిస్తున్నవా ఏంది?”

భిక్షపతి అనే పిల్లవాడైతే ఆ పాటి శ్రమ కూడా పడేవాడు కాదు. గంట మోగే వేళకు పుస్తకం చాచేవాడు.

“ఏం మేలు చేసినవుర?”

“చేసినట్టె అనుకో అవ్వా.”

ఆమె పకపకా నవ్వి ముద్ర వేసి, వాడి జేబులో గుప్పెడు పల్లికాయలు పోసేది. ఏమి రాశారని ఎవరినీ ఎన్నడూ అడగలేదు. పిల్లల ముడి విప్పడమే తన వంతు మేలని నమ్మింది. జరగని పుణ్యానికి సాక్ష్యం చెప్పిన వేలు అది. అబద్ధం చిన్నదే, కాని అలవాటుకు చిన్నా పెద్దా తెలియవు.

మాస్టారు పోయాడు. బాబామియా పోయాడు. కూతురు షబీనా మహబూబాబాద్‌లో ఒక్క గదిలో ఏడుగురితో కాపురం వెళ్లదీస్తున్నది. నాటి స్కౌట్లలో కొందరు భూపాలపల్లి గనులకు పోయారు. శ్యాం అనేవాడు చెల్పూర్‌లో మంచి ఉద్యోగంలో కుదిరాడు. భిక్షపతి అదే బడికి మాస్టరై, దళానికి నాయకుడయ్యాడు.

యాభై ఏళ్ల పండుగ వచ్చింది. దళం పేరుతో ద్వారతోరణం కట్టిస్తానని శ్యాం మాట ఇచ్చాడు. కొలతలు వేస్తే ఒక స్తంభం సరిగ్గా అజీజ్‌బీ బండ మీదికి వచ్చింది. పంచాయతీ కార్యదర్శి సుజాత అడ్డు చెప్పింది. “ముసలామె ఒప్పుకున్నట్టు కాయితం ఉంటెనే బండ కదులుతది సార్. జబర్దస్తీ నడువది.”

భిక్షపతి వచ్చి అడిగాడు. అజీజ్‌బీ తల అడ్డంగా ఊపింది.

“ఈ బండ నాది కాదు బిడ్డా, కనకయ్య సారు మాటది. సారు మాటను నువ్వు జరుపుతవా?”

అతడు వెనుదిరిగాడు. వారం తిరగకముందే మళ్లీ వచ్చాడు. ఒంటి మీద స్కౌటు దుస్తులు, స్కార్ఫు కొసకు ముడి, చేతిలో మంచిపని పుస్తకం, సిరా పెట్టె.

“పండుగ గదా అవ్వా! చిన్నప్పటి లెక్క నేను గూడ ముడేసుకున్న.”

ఆమె ముఖం వికసించింది. “ఏం మేలు చేసినవుర?”

“చేసినట్టె అనుకో అవ్వా.”

పుస్తకంలో ఒక చోట, మధ్యనున్న విడి కాగితం మీద మరొక చోట ఆమె వేలు ఆనించింది. అతడు ఆమె ఎదుటే ముడి విప్పుకున్నాడు. ఆమె అతని జేబులో గుప్పెడు పల్లికాయలు పోసింది.

మరునాడు ఆమె గంపతో వచ్చేసరికి స్కౌట్లు గడ్డపారలతో బండను పెళ్లగిస్తున్నారు. గుండెలు బాదుకుంటూ అడ్డం పడిన ఆమెకు భిక్షపతి తాపీగా కాగితం చదివి వినిపించాడు. ఆమె ఇష్టపూర్వకంగా జాగ వదులుతున్నదట; ఇకపై మహబూబాబాద్‌లో బిడ్డ దగ్గర ఉంటుందట.

“వేలు నీదే గదా అవ్వా? కాదంటవా?”

అజీజ్‌బీ బొటనవేలు చూసుకుంది. నీలం ఇంకా వదలలేదు. ఇది కాదంటే, యాభై ఏళ్ల ముద్రలన్నీ కాదనాలి.

“నాదే బిడ్డా” అంది.

పండుగనాడు ఆమెను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. “దళం కోసం జాగ త్యాగం చేసిన తల్లి!” అని భిక్షపతి మైకులో పలకగానే, బండ తొలగించిన శ్రమదానానికి గుర్తుగా నలభై మంది స్కౌట్లు ఒక్కసారిగా ముడులు విప్పారు. చప్పట్లు మోగాయి. బాబామియా బండ ముక్కలై స్తంభం పునాదిలో చేరింది.

తరువాత ఆమె గంప రోడ్డుకు అవతల, మురుగు పారే మోరి పక్కన, ఎర్రటి ఎండలో చేరింది. పిల్లలు రోడ్డు దాటరాదని బడి ఆజ్ఞ. పల్లికాయలు పొద్దుగూకేదాకా గంపలోనే పులిసేవి.

ఒకనాడు ఇంతియాజ్ అనే ఆరో తరగతి పిల్లవాడు ఆజ్ఞ మీరి ఆమె దగ్గరికి పరుగెత్తి వచ్చాడు. స్కార్ఫుకు ముడి ఉంది.

“అవ్వా, రా! రోడ్డు దాటిస్త.”

జన్మలో మొదటిసారి అజీజ్‌బీ తిట్టలేదు. గంప ఎత్తుకొని వాడి వెంట నడిచింది. స్తంభం పక్కన నిలబడగానే వాడు పుస్తకం, సిరా పెట్టె చాచాడు.

“ఏం రాసినవు బిడ్డా? సదువు.”

వాడు వింతగా చూసి చదివాడు: “దిక్కులేని ముసలవ్వను రోడ్డు దాటించి ఆమె జాగకు చేర్చాను.”

“నా జాగ యాడుందిర?”

వాడు స్తంభాన్ని చూశాడు, ఆమెను చూశాడు. గంట మోగింది. అజీజ్‌బీ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

“నేను ఎయ్య.”

“అవ్వా, బెల్లయింది! ముడి ఇప్పకపోతె సారు గుంజీలు తీపిస్తడు.”

“తియ్యి.”

వాడు ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. తన బొటనవేలే సిరాలో అద్ది, పుస్తకంలో ఆమె పేరు కింద ఒత్తాడు. ముడి విప్పుకొని, తోరణం కిందుగా లోపలికి పరుగెత్తాడు.