ఒక్క దెబ్బకి ఆగే బస్సు

పదిహేనేళ్ళు నిండినా ఆ అమ్మాయి ఏనాడూ బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదంటే నమ్మడం కష్టం. అలాగని బస్సెరగని మనిషి కాదు. వాళ్ళ నాన్న స్కూలు బస్సు డ్రైవరు, వాళ్ళమ్మ అదే బస్సులో ఆయా. నాలుగేళ్ళ కిందట అమ్మకి మోకాళ్ళు మొరాయించాయి. తను చదివేదీ ఆ స్కూల్లోనే, ఎలాగూ ఎక్కే బస్సే కదా అని కూతురు తలుపు దగ్గర నిలబడే పని అందుకుంది. నాలుగు రోజులకని అందుకున్న పని నాలుగేళ్ళయినా చేతిలోనే ఉండిపోయింది. రోజూ రెండు పూటలా నలభై ఒక్క మంది పిల్లల్ని ఎక్కించాలి, దించాలి, మర్చిపోయిన సంచులు కిటికీలోంచి అందించాలి. అన్నిటికన్నా ముఖ్యం, లెక్కపెట్టాలి.

ఆ లెక్కకి అమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. చూసి లెక్కపెట్టకూడదు, తాకి లెక్కపెట్టాలి. వెనక సీటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తల మీదా చెయ్యేసుకుంటూ ముందుకి రావాలి. "కంటికి బద్ధకం ఉంటుందే, చేతికి ఉండదు" అనేది అమ్మ. లెక్క సరిపోతే బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాలి, అంటే పోవచ్చని. తేడా వస్తే ఒక్కటే దెబ్బ, అంటే ఆగమని. నాన్న మామూలుగా నోట్లోంచి మాట ఊడిపడని మనిషి. ఈ విషయంలో మాత్రం ఖరాఖండిగా చెప్పాడు. "ఒక్క దెబ్బ పడిందంటే ప్రిన్సిపాల్ గారు ఎదురుగా నిలబడి పొమ్మన్నా పోను. మళ్ళీ రెండు పడాల్సిందే."

అలాంటి అమ్మాయి పేరుని వ్యాయామం టీచరు వేసవి శిబిరానికి రాసి పంపింది. వారం రోజులు, ఆరు స్కూళ్ళ పిల్లలు, కొండ పక్కన సరస్సు. సెలవులొస్తే నాన్నతో కలిసి చిరిగిన సీట్లు కుట్టడం తప్ప మరో సరదా తెలియని పిల్ల, "నేను వెళ్ళను, అక్కడ నాకెవరు తెలుసు?" అంది. అమ్మ సంచీ సర్దుతూ తలెత్తకుండానే, "ఎవరూ తెలియకపోవడమే మంచిది. వారం రోజులు నువ్వు కూడా పిల్లవేనని గుర్తు తెచ్చుకునిరా" అంది. ఆ మాట అమ్మాయి మనసులో నాటుకుంది. పైకి ఎంత బెట్టు చేసినా ఆమెకి కావలసిందీ అదే. తన ఈడు పిల్లల మధ్య, ఎవరి బాధ్యతా నెత్తిన లేకుండా, ఒక్క వారం.

కానీ అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? మొదటి రోజు శిబిరం బస్సు ఎక్కి, సీట్లన్నీ ఖాళీగా ఉన్నా పోయి తలుపు దగ్గర నిలబడింది. అద్దంలోంచి చూసిన ముసలి డ్రైవరు, "ఏ బండి మీదమ్మా?" అన్నాడు.

"స్కూలు బండండీ."

అంతే. ఇద్దరికీ చుట్టరికం కలిసిపోయింది.

రెండో రోజే కొంప మునిగింది. సరస్సులో తెడ్డు వెయ్యడం నేర్చుకుని, తడిసి ముద్దయి, ఆకలితో నకనకలాడుతూ అందరూ బస్సెక్కారు. వచ్చినవాళ్ళు ముప్ఫై నలుగురు. ఈ అమ్మాయి లెక్కకి ముప్ఫై ముగ్గురే తేలారు. చెయ్యి దానంతట అదే లేచి రేకు మీద దబ్బున ఒకటి వేసింది. బస్సు నిలబడిపోయింది. ఇంకేముంది, ఈలలు, కేకలు, ఒడ్డు పొడుగునా వెతుకులాట. క్యాంపు మాస్టారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. గంటసేపు వెతికి, ఏడుపు ముఖాలతో శిబిరానికి వచ్చి చూస్తే, ఆ తప్పిపోయిన పొడుగు కుర్రాడు మంచం మీద బోర్లా పడుకుని బిస్కెట్లు తింటున్నాడు. కడుపు నొప్పంటే వంటాయన తన వ్యాన్‌లో ముందే తీసుకొచ్చేశాడట. చెప్పడం మర్చిపోయాడట!

తప్పెవరిదో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ వంటాయన మీద ఎవరు కోపం పెట్టుకుంటారు? ఇంకా అయిదు రోజులు ఆయన చేతి తిండే తినాలి. చల్లారిపోయిన భోజనం తాలూకు కోపమంతా డ్రైవరు కూతురి మీద పడింది. ఆమెతో ఒకే గదిలో ఉంటున్న కళ్ళద్దాల పిల్ల ఆ పూటే "రైట్ రైట్" అని పేరు పెట్టేసింది. తెల్లారేసరికి శిబిరమంతా అదే పిలుపు. నీళ్ళ కుళాయి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు వెనక నుంచి బకెట్ మీద దబ్బున కొట్టి నవ్వేవారు.

క్యాంపు మాస్టారు పక్కకి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే భయపడిన మనిషి. "చూడమ్మా, ఇక్కడ నాలుగు గుంపులున్నాయి, నలుగురు లీడర్లున్నారు, పైన నేనున్నాను. లెక్క మేం చూసుకుంటాం. నువ్వు పిల్లవి, పిల్లలా ఉండు" అన్నాడు. ఆ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. అయితే బాధ కాస్త తగ్గాక ఆలోచిస్తే, అమ్మ చెప్పిందీ ఇదే కదా అనిపించింది. సరే, ఇక లెక్క జోలికి పోకూడదని ఒట్టేసుకుంది.

ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఆమె పడ్డ పాట్లు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. భోజనాల దగ్గర తలలు లెక్కకి రాకుండా తన పళ్ళెంలోకే చూస్తూ తినేది. బస్సెక్కితే గబగబా వెళ్ళి కిటికీ పక్కన కూర్చునేది. అలా కూర్చున్న మొదటి రోజే తెలిసింది, బస్సంటే వెనక్కి తిరిగి పిల్లల్ని చూడటమే కాదని, బయట చెట్లూ పొలాలూ మేకలూ కూడా ఉంటాయని. నాలుగో రోజుకి తెడ్డు వెయ్యడంలో అందరినీ దాటేసింది. అయిదో రోజు పాటల పోటీలో గాడిద సిగ్గుపడేలా పాడింది. కళ్ళద్దాల పిల్ల పడీ పడీ నవ్వి, నవ్వుతూనే వచ్చి పక్కన కూర్చుని, "నీ అంత ఘోరంగా పాడే మనిషిని ఇంతవరకూ చూళ్ళేదే, రేపు కూడా నా పక్కనే కూర్చో" అంది. ఆ మాటకి పొంగిపోయిన మనిషిని పొంగిపోనివ్వాలి. పదిహేనేళ్ళకి ఆమెకి తన ఈడు నేస్తం దొరకడం అదే మొదలు. "రైట్ రైట్" అన్న పిలుపు కూడా ఇప్పుడు ముద్దుగానే వినపడుతోంది.

ఆరో రోజు కొండ నడక. పొద్దున్న ఎక్కి, పైన తిని, మధ్యాహ్నానికి దిగారు. దిగేసరికి మబ్బు కమ్ముకొచ్చింది. వానొస్తే ఆ మట్టిదారిలో బస్సు కూరుకుపోతుందని మాస్టారికి ఒకటే కంగారు. అందరినీ గబగబా ఎక్కించి, మెట్టు మీద నిలబడి, "ఒకటో గుంపు అంతా వచ్చారా?" అని అరిచాడు. "వచ్చాం సార్." "రెండు?" "వచ్చాం సార్." మూడు, నాలుగు కూడా అలాగే పలికాయి. "పోనివ్వండి" అన్నాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

మన అమ్మాయి కిటికీ పక్కన, కళ్ళద్దాల పిల్ల భుజానికి ఆనుకుని కూర్చుంది. వెనక్కి తిరగకూడదనే అనుకుంది. అయినా ఎక్కి కూర్చుంటున్న ఒక్కొక్కరినీ చెయ్యి లెక్కలో వేసుకుంటూనే ఉంది. ఒడిలో వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. ముప్ఫై మూడు. లేచి నిలబడి చూసింది. పొడుగు కుర్రాడు వెనకే ఉన్నాడు. వంటాయన వ్యాన్ పక్కనే ఉంది, అందులో గిన్నెలు తప్ప మనుషులు లేరు. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై మూడే.

బస్సు కదిలింది.

ఒక్క క్షణం పాటు ఆ అమ్మాయి ఏమీ చెయ్యలేదు. ఆ క్షణాన్ని దాచాల్సిన పని లేదు. దాని విలువ ఆమెకే తెలుసు. మళ్ళీ కొడితే, మళ్ళీ తప్పయితే, ఈ భుజం పక్కకి జరిగిపోతుంది. ఈ నవ్వులు మళ్ళీ ఎగతాళి అయిపోతాయి. మిగిలింది ఒక్క రోజు. నలుగురు లీడర్లు చెప్పాక, మాస్టారు చెప్పాక, తనకెందుకు?

కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, రేకు మీద బలంగా ఒక్క దెబ్బ కొట్టింది.

బస్సు ఆగింది. ఆ వెంటనే బస్సంతా గొల్లుమంది. "మళ్ళీ మొదలెట్టిందిరోయ్ రైట్ రైట్!" కళ్ళద్దాల పిల్ల చెయ్యి పట్టుకుని కిందకి లాగుతూ, "కూర్చోవే, పరువు తియ్యకు" అని గొణిగింది.

మాస్టారు విసవిసా వచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"ఒకరు తక్కువున్నారు సార్."

"ఎవరు?"

అక్కడే వచ్చింది చిక్కు. తన బస్సులో అయితే ఎవరిదే సీటో, ఎవరి కాలు కుదురుగా ఉండదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇక్కడ సగం మంది పేర్లు కూడా తెలియవు. "ఎవరో తెలీదు సార్" అంది. "కానీ ఒకరు లేరు."

"ఎవరో తెలీదట! వానొచ్చి పడుతోంది. డ్రైవరుగారూ, పోనివ్వండి."

ముసలి డ్రైవరు ఇంజను ఆపేశాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఏమయ్యా, నీకే చెప్పేది!"

"వినపడింది సార్" అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "వెనక నుంచి ఒక్క దెబ్బ పడింది. లెక్క తేలిందాకా బండి కదలదు. పాప కొట్టినా అంతే, పెద్దాయన కొట్టినా అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే నడుపుతున్నా."

మాస్టారు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు గానీ తాళం ఉన్నది డ్రైవరు జేబులో. చేసేది లేక సంచిలోంచి కాగితం తీసి ఒక్కొక్క పేరే పిలవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏడో పేరు దగ్గర జవాబు రాలేదు. ఇంకోసారి పిలిచాడు. బస్సులో నవ్వులు ఆగిపోయాయి. నాలుగో గుంపు లీడరు లేచి, ఆ పేరు తన గుంపులో పిల్లదేనన్నాడు. ఆ చిన్నపిల్ల పొద్దున్న మూడో గుంపు వాళ్ళతో నడుస్తుంటే వాళ్ళతోనే ఉందనుకున్నాడట. వాళ్ళేమో ఇతనితో ఉందనుకున్నారట. పన్నెండేళ్ళ పిల్ల, గట్టిగా మాట్లాడని పిల్ల. ఉందో లేదో ఎవరికీ పట్టలేదు.

అప్పటికే డ్రైవరు కూతురు మెట్లు దిగి, వచ్చిన దారినే వెనక్కి పరుగు తీస్తోంది. వెనక మరో జత కాళ్ళ చప్పుడు. తిరిగి చూస్తే కళ్ళద్దాల పిల్ల, ముక్కు మీంచి జారుతున్న కళ్ళద్దాలు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. "ఆగు, నేనూ వస్తా. తిట్టుకుంటే తర్వాత తిట్టుకో" అంది రొప్పుతూ.

దారి మలుపు కింద, రాళ్ళ వెనక దొరికింది చిన్నపిల్ల. పక్కకి వెళ్ళాల్సొస్తే ఎవరికీ చెప్పడానికి సిగ్గుపడి ఒంటరిగా దిగింది. ఎక్కబోతుంటే కాలు జారి రెండు బండల మధ్య ఇరుక్కుంది. బూటు తీసేసి, ఒకరు బండని నెట్టి, ఒకరు కాలు పట్టుకుని మెల్లగా బయటికి లాగారు. చీలమండ వాచిపోయింది. ముఖం మీద కన్నీటి చారలు ఎండిపోయి ఉన్నాయి గానీ పిల్ల ఏడవడం లేదు. అదే ఆశ్చర్యం. డ్రైవరు కూతురు ఆమెని వీపు మీదకెత్తుకుంది. తొలి చినుకులు పడుతున్నాయి.

"భయమేసిందా?" అని అడిగింది.

"చాలా భయమేసిందక్కా. మీరంతా బస్సెక్కుతున్న చప్పుడు వినపడింది. అరిచాను, ఎవరికీ వినపడలేదు. ఇంజను స్టార్టయింది. అప్పుడు బాగా ఏడ్చాను."

"మరి?"

"తర్వాత ఇంజను ఆగిపోయింది" అంది పిల్ల, అక్క మెడ గట్టిగా పట్టుకుని. "అప్పుడు ఏడుపు మానేశాను. ఎవరో నేను లేనని చూశారు కదా అని."

డ్రైవరు కూతురు నడక ఆపేసింది. నాలుగేళ్ళుగా ఆ దెబ్బ కొడుతోంది గానీ, బస్సెక్కకుండా వెనక మిగిలిపోయిన మనిషికి అదెలా వినపడుతుందో ఇంతవరకూ ఆమెకి ఎవరూ చెప్పలేదు.