ఆలంపూర్ నుంచి జీపును లాక్కొచ్చిన రోజు

మా ఆయన జీపు కిరాయికి నడిపేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో కొన్న పాత డీజిల్ బండి. రాళ్ల బాటలోనైనా, బురదలోనైనా నాలుగు చక్రాలూ కలిసి లాగేవి. ఒక శివరాత్రి ముందు భక్తులను ఎక్కించుకుని ఆలంపూర్ పోతుండగా ఆయనకు ఛాతీలో నొప్పి లేచింది. బండిని రోడ్డు దింపాడు. అది మెల్లగా పోయి పక్కన పాతిన ఒక రాతి కడీకి తగిలి ఆగింది. లోపలున్నవాళ్లకు చిన్న గీత కూడా పడలేదు. ఆయన మాత్రం దవాఖానకు చేరకముందే పోయాడు.

జీపు ఆలంపూర్‌లో ఒక షెడ్డులో ఉండిపోయింది. రేడియేటర్ పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. బ్యాటరీ చచ్చిపోయింది. వానలు తగ్గాక మా మరిది తన ట్రాలీ బండితో వచ్చి, "వదినె, ఇగ తెచ్చుకుందాం పా" అన్నాడు. జడ్చర్ల పక్కన మా ఊరిదాకా లాక్కురావాలి. వెనక జీపులో స్టీరింగ్ పట్టుకుని ఎవరో ఒకరు కూర్చోవాలి. పంట కోసిన చెలకలో ఆయన నాకు డ్రైవింగ్ నేర్పాడు. నేనే కూర్చుంటానన్నాను.

మరిది తాడు వద్దని ఇనుప రాడ్డు బిగించాడు. "తాడైతే నేను ఆగినప్పుడు నువ్వొచ్చి నన్ను గుద్దుతవ్" అన్నాడు. తర్వాత కిటికీలోంచి వంగి గేర్లు చూపించాడు.

"పెద్ద గేరు మూడుల ఉండనియ్యి. పక్కన గీ చిన్న గేరు మాత్రం న్యూట్రల్లనే ఉండాలె. గట్లయితే చక్రాలు ఉత్తగ తిరుగుతయి, గేరుబాక్సు తిరగది. తాళంచెవి తియ్యకు, స్టీరింగ్ పట్టేస్తది. ఇంజిను బంద్ ఉంటే బ్రేకు గట్టిగుంటది, బలంగ తొక్కాలె."

హ్యాండ్‌బ్రేకు దింపించి, కొంచెం దూరం లాగి, దిగొచ్చి బండి కింద వంగి చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. వెనక ఎర్రగుడ్డ కట్టి బయలుదేరాం.

సీటు ఆయన బరువుకు కుంగిన చోటే నేను కూర్చున్నాను. ఇంజిను చప్పుడు లేకుండా ఆ జీపు కదలడం నేనెన్నడూ చూడలేదు. గాలి, టైర్ల రొద, అంతే. స్టీరింగ్ తనంతట తాను అటూ ఇటూ కదులుతుంటే నా చేతుల కింద ఇంకో జత చేతులు ఉన్నట్టనిపించింది.

ఆ రాతి కడీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాను. ఏమీ జరగలేదు. కడీ కొంచెం ఒరిగి ఉంది, దాని మీద ఎవరో తువ్వాల ఆరేశారు. దాటిపోయాం. ఏమైనా జరుగుతుందేమోనని చూసిన నా ప్రాణం ఉసూరుమంది.

ఆ తర్వాత ఒక ఊళ్లో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే కింద కర్రుమని చప్పుడైంది. జీపు ఒక్క కుదుపు కుదిపింది. నల్లటి పొగ లేచింది. ఇంజిను మోగడం మొదలైంది.

నా కాళ్లు వాటంతటవే క్లచ్చునూ బ్రేకునూ తొక్కాయి. ముందు బండి ఆగింది. ఇంజిను ఆగలేదు. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతూ, ఇంటి ముందు ఆగి నా కోసం ఎదురుచూసేటప్పుడు ఎట్లా మోగేదో అట్లాగే మోగుతోంది. సీటు వణుకుతోంది.

మరిది ఉరికి వచ్చాడు. "బంద్ చెయ్యి వదినె! నీళ్లు లెవ్వు, ఖరాబైతది!"

ఇంజినును ఆపే గుబ్బ నా వేళ్ల దగ్గరే ఉంది. లాగలేకపోయాను. మరిది నా ముఖం చూశాడు. తలుపు పట్టుకుని తనూ నిలబడిపోయాడు. ఇద్దరం విన్నాం. చివరికి మెల్లగా, "ఇగ చాలు వదినె" అన్నాడు. గుబ్బ లాగాను.

చూస్తే చిన్న గేరు న్యూట్రల్‌లో లేదు. "గదేం లేదు. లివర్ అరిగింది, కుదుపుకు గేరు పడ్డది. పాత డీజిల్ ఇంజిను, చక్రాలు తిప్పితే లేస్తది. బ్యాటరీతోని పనేంది?" అన్నాడు. అదే మాట మళ్లీ తనలో తాను అనుకున్నాడు. సైకిల్ ట్యూబు ముక్కతో లివర్‌ను న్యూట్రల్‌లోనే బిగించి కట్టాడు.

పొద్దుగూకే ముందు ఇల్లు చేరాం. మరిది గడప దగ్గర నీళ్లు తాగి, చెంబు పట్టుకునే అడిగాడు.

"వదినె, గప్పుడు నువ్వు హారన్ కొట్టినవా?"

"ఎప్పుడు?"

"ఇంజిను లేవకముందు. అన్న కొట్టినట్టె కొట్టినవ్ గద. గది ఇనే నేను బ్రేకు తొక్కిన."

నేను హారన్ ముట్టలేదు. అన్నం పెడతాను, లోపలికి రా అన్నాను.

రేడియేటర్ మార్పించాక జీపు నేనే నడుపుతున్నాను. ఒంటరిగా పోయేటప్పుడు కిటికీ అద్దం దించుకుంటాను. ఆ రోజు ఆయన సీట్లో కూర్చున్నది నేను. ఆ హారన్ మరిదికి వినపడింది, నాకు వినపడలేదు.