అత్త తిట్టు కోసం కాచుకున్న ఎలుగు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఆమె దగ్గర పనిచేసే ఓబులేసు ఫోనులో చెప్పాడు. నేను కాలేజీకి బయలుదేరుతూ గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. "అక్కా, సిస్టరమ్మ లేదు" అన్నాడు. "యాడికి పోయింది?" అని అడిగాను. అవతల ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున రాగిపిండి కలిపే వేళకు ఆమె వంటకొట్టంలోకి రాలేదట. పిలిస్తే పలకలేదట. తలుపు నెట్టి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉందట. "మేం లేసే పొద్దుకే ఆమె పొయ్యి ముట్టించి ఉంటాది గదక్కా. ఈ పొద్దు పొగ కనపల్యా. అప్పుడే గుండె జల్లుమన్యాది" అన్నాడు.

గుంతకల్లులో మట్టి చేశాము. ముప్పై ఏళ్ళకు పైగా ఆమె రైల్వే ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన ఊరు అది. చాలామంది వచ్చారు. ఆమె చేతుల్లో పుట్టామని చెప్పుకున్నవాళ్ళూ, ఆమె నోట తిట్లు తిన్నామని చెప్పుకున్నవాళ్ళూ. రెండూ ఒకే గర్వంతో చెప్పుకున్నారు. అందరి మాటలూ నేను నిలబడే విన్నాను. ఆరోజు నుంచీ ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది రాయడానికి కూడా ఇప్పటికి మూడుసార్లు చోటు మార్చాను.

నాలుగో రోజు ఓబులేసు మళ్ళీ ఫోను చేశాడు. "అక్కా, గుడ్డిది బొచ్చెలో కూడు ముట్టల్యా. సిస్టరమ్మ పోయినప్పటి నుంచీ ఇదే కత. డాక్టరు సారు చూసినాడు. రోగమేమీ లేదంట. ముసిల్ది గదా, ఇంగో రెండు దినాలు ఇట్లే ఉంటే దక్కదన్యాడు. నీది సిస్టరమ్మ గొంతే గదా. ఒక తూరి వచ్చి పిలువక్కా."

గుడ్డిది అంటే ఒక ముసలి ఎలుగుబంటి. మీకు ముందు ఆ చోటు గురించి చెప్పాలి. పామిడి దాటి గుట్టలవైపు తిరిగితే, చెనిక్కాయ చేలు అయిపోయి రాళ్ళు మొదలయ్యే చోట, ఆపదలోంచి తప్పించి తెచ్చిన అడవి జంతువులకు ఒక ఆశ్రయం ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని ఎలుగుల కొట్టం అంటారు. ముక్కుకు తాడు గుచ్చి వీధుల్లో ఆడించిన ఎలుగులు, అంగళ్ళ ముందు గొలుసులతో బతికిన కోతులు, దొంగ రవాణాలో పట్టుబడిన తాబేళ్ళు అక్కడ ఉంటాయి. బెంగళూరు ఫ్లాట్లలో ముద్దుకు కొనుక్కుని, మోజు తీరాక హైవే పక్కన వదిలేసిన విదేశీ పక్షులు, పెద్ద పెద్ద బల్లులు కూడా. అత్త రిటైరైన మూడో నెలలోనే అక్కడ చేరింది. మా నాయనకు మండిపోయింది. "మనుషులకు చేసింది చాల్లేదా అక్కా? ఇప్పుడు ఎలుగుబంట్లకు బెడ్‌పాన్ పెట్టాల్నా?" అన్నాడు. అత్త ఏమాత్రం తగ్గలేదు. "అవి నీ మాదిరి గంటకోసారి గంట కొట్టవులేప్పా" అంది. ఆపరేషనైనప్పుడు మా నాయన వారం పడుకున్నది ఆమె వార్డులోనే.

వస్తానని ఓబులేసుకు చెప్పాను గానీ, వెళ్ళడం సరైనదో కాదో నాకు తేలలేదు. ఆ చోట అత్త పెట్టిన మొదటి కట్టడి ఒకటుంది. కొత్తగా పనికి చేరినవాళ్ళకూ, చూడవచ్చినవాళ్ళకూ అదే చెప్పేది. "ఈడ ఎవురూ వాటికి పేర్లు పెట్టద్దు, పిలవద్దు, మాట్లాడద్దు. మనిషి గొంతుతో అవి పడినేది చాలు. మనం లేకపోయినా తినేట్ట చూసుకోవాల. అదే మన పని." అలాంటి మనిషి గొంతుతో, ఆమె పోయాక, నేను వెళ్ళి ఒక గుడ్డి జంతువును మోసం చేయాలా?

ఆ చోటికి నేను మొదటిసారి వెళ్ళింది కూడా ఒక తప్పు చేసే. ఎనిమిదేళ్ళ కిందట, మే నెలలో, అనంతపురం బయట తారురోడ్డు మీద ఒక తాబేలు దాటుతూ కనిపించింది. నల్లటి డిప్ప మీద పసుపు నక్షత్రాలు. అంత ఎండలో దాన్ని చూసి ప్రాణం ఉసూరుమంది. స్కూటీ ఆపి ఎత్తుకొచ్చాను. మా వీధికి వారానికి ఒకసారి నీళ్ళొచ్చే రోజులవి. దాచుకున్న నీళ్ళన్నీ సిమెంటు తొట్టిలో నింపి, పాపం ఈదుకుంటుందిలే అని దాన్ని అందులో వదిలాను. ఏదో గొప్ప పని చేసినట్టు హాయిగా అనిపించింది. పొద్దున చూస్తే మెడ వేలాడేసి తేలుతోంది.

తువ్వాలులో చుట్టుకుని అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె విప్పి చూసి, "నీళ్ళల్లో ఏసినావా?" అంది.

"ఎండకు దప్పికైందేమోనని..."

"ఇది మెట్ట తాబేలే, పాపా! నీటిది వేరే, మెట్టది వేరే. దీనికి ఈత రాదు." మాట్లాడుతూనే దాన్ని తలకిందులుగా పట్టుకుంది. మెడను మెల్లగా సాగదీసి, ముందు కాళ్ళను లోపలికీ బయటికీ ఆడించసాగింది. నోట్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారాయి. "ఎమ్మే చదివించినాడు మీ నాయన. చరిత్ర పాఠాలు చెప్తావంట. దీని చరిత్ర ఏ పుస్తకంలోనూ రాయల్యానా?"

నేను ఏడుస్తూ నిలబడ్డాను. గంట గడిచిందో ఎంత గడిచిందో, ఆమె దాన్ని ఒక నీడ గదిలో గుడ్డ మీద పెట్టి తలుపు వేసింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతులోనే వినిపిస్తుంది: "ఏడవగాకు. నీళ్ళు లేని నేలన పుట్నోళ్ళం. మనకు ఎవురి మీదన్నా జాలి పుడితే నీళ్ళు ఇస్తాం. మనకు ఏది కరువో అదే ఎదుటోళ్ళకు పోస్తాం. వాళ్ళకు అది కావాల్నా అని అడగం."

తర్వాత రెండు వారాలకొక ఆదివారం వెళ్ళడం అలవాటైంది. మార్కెట్లో పగిలిన కలింగరకాయలు, మెత్తబడిన బొప్పాయిలు బస్తాలో కట్టించుకుని వెళ్ళేదాన్ని. కాలేజీలో తోటివాళ్ళ దగ్గర పాత దుప్పట్లు అడిగి తెచ్చేదాన్ని. బస్తా దించగానే అత్త నన్ను వేపచెట్టు కింద అరుగు మీద కూర్చోబెట్టేది. "ముందు నీ ఊపిరి చల్లబడనీ. ఊర్లో కోపాలన్నీ వేసుకోని వాటి ముందరికి పోగాకు" అనేది. నాకు ఆ పది నిమిషాలు కూర్చోవడమే గగనంగా ఉండేది. కాలు ఆడిస్తుంటే మోకాలి మీద ఒక్కటి వేసేది.

అక్కడ ఒక బూడిదరంగు ఆఫ్రికా చిలుక ఉండేది. ఎవరి వంటింట్లో పెరిగిందో గానీ, అచ్చం కుక్కర్ కూతలా కూసేది. మూడోసారి కూయగానే, ఎంత పనిలో ఉన్నా సరే, అత్త వంటకొట్టంలోంచి అరిచేది: "మూడైనాయి, దించండప్పా!" ఒకసారి మా డిగ్రీ పిల్లల్ని తీసుకెళ్ళాను. వాళ్ళు ఎలుగును చూసి చప్పట్లు కొట్టి, సెల్ఫీలకు ఎగబడ్డారు. అత్త పొయ్యి దగ్గరినుంచి గరిటెతోనే వచ్చింది. "పెండ్లికొచ్చినారా? ఎన్నేండ్లు ఇట్ల చప్పట్లు కొట్టించుకోనుండాదో దాని ముక్కు చూడండి" అంది. పిల్లలు ఆ ముక్కు మీది చిల్లు చూసి ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఆ ఎలుగే ఈ గుడ్డిది. దాన్ని ఆడించినవాళ్ళ దగ్గరున్నప్పుడే చూపు పోయిందట.

తాబేలు సంగతి చెప్పనేలేదు కదా. బతికిందనే అత్త చెప్పింది. ముప్పై దాకా తాబేళ్ళున్న ఆవరణ చూపించి, "అదిగో, నీది" అంది. నా గుండె తేలికపడింది. ఇంకో నెలకు అడిగితే మరోదాన్ని చూపించింది.

"పోయినసారి అది అన్నావు కదత్తా?"

"తేడా తెలిస్తే నువ్వే చెప్పు."

నాకు తెలియదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అది ఆరోజే చచ్చిపోయిందేమో, నా మొహం చూసి అత్త చెప్పలేకపోయిందేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. పేషెంటు ముందు కూడా అబద్ధమాడదని పేరున్న మనిషి. నా కోసం ఆడిందా? అడిగే ధైర్యం రాలేదు. ఇక అడగడానికి ఆమె లేదు. ఎలుగుల కొట్టానికి వెళ్ళే బస్సులో ఆరోజు నా తలలో తిరిగిందంతా ఇదే. ఆమె నాకు ఒక అబద్ధం దానం చేసి ఉంటే, నేను ఆ ముసలిదానికి ఒక అబద్ధం చెప్పకూడదా?

వెళ్ళేసరికి ఓబులేసు గేటు దగ్గరే ఉన్నాడు. గొర్రెలు కాసుకునే మనిషిని అత్తే పనిలో పెట్టింది. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా అక్కా అనే పిలుస్తాడు.

"ఏమని పిలవాల ఓబులేసూ? అత్త వాటితో మాట్లాడేది కాదు కదా?" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "మాకందరికీ వద్దనేదక్కా. తను మాత్రం దీన్ని పొద్దున్నే తిట్టేది."

"తిట్టేదా?"

"దినామూ. పొగాకు నమిలినట్ట అలవాటైపాయ. 'ఏమే గుడ్డిదానా, ఇంగా నిద్రేనా? నీకు చాకిరీ చేసేకి నేనేమన్నా నీ కోడల్నా? తింటావా, కుక్కలకు పొయ్యాల్నా?' అంటాండె. అదేమో ఆ తిట్లు అయ్యేదాకా బొచ్చెలో మూతి పెట్టదు. ఒకరోజు సిస్టరమ్మకు గొంతు పట్టుకోని మాట రాల్యా. మధ్యాన్నం దాకా తినల్యా, చూడు."

నాకు నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. ఆమె తన కట్టడిని తానే దాటింది. ఏళ్ళ తరబడి, మాలాంటివాళ్ళం ఎవరమూ రాకముందే. ఎందుకో గుంతకల్లులో ఆమె పాత రైల్వే క్వార్టరు గుర్తొచ్చింది: ఒక మంచం, ఒక స్టీలు పెట్టె, ఒకే గ్లాసు. వార్డు నిండా జనాన్ని ముప్పై ఏళ్ళు తిట్టి బాగుచేసిన మనిషికి, ఇంట్లో తిట్టడానికి ఒక్కరూ లేరు. తనకు కరువైనదాన్నే ఆమె ఆ బొచ్చె పక్కన రోజూ పోసింది. అది ఎలుగుకు కావాలో లేదో ఆమె కూడా అడగలేదు. ఆ తప్పే ఇప్పుడు దాన్ని ఆకలితో చంపుతోంది. ఇలా అనుకోవడం ఆమెకు అన్యాయమా? ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఆమె మీద ప్రేమ మాత్రం ఆ నిమిషాన రెట్టింపైంది.

బెల్లం వేసి జారుగా కాచిన అంబలిని బొచ్చెలో పోసి, ఓబులేసు ఊచల కిందినుంచి లోపలికి తోశాడు. ఎలుగు మూల గోడకు ఆనుకుని పడుకుంది. బొచ్చు దుమ్ము పట్టి, బూడిద గోనెసంచిలా ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏమే గుడ్డిదానా, ఇంగా నిద్రేనా?"

నా చెవులకే అత్త అక్కడున్నట్టు వినిపించింది. ఎలుగు తల ఎత్తింది. లేచింది. గోళ్ళు బండల మీద టకటకమంటుండగా ఊచల దాకా వచ్చి, పొడుగాటి మూతిని నా నడుము ఎత్తులో ఆనించి, లోతుగా ఊపిరి లాగింది. ఎంతసేపు లాగిందో! నా చీర, నా సబ్బు, బస్సు పొగ, నా భయం అన్నీ చదివేసింది. తర్వాత బుస్సున ఒకసారి ఊది, వెనక్కి తిరిగి తన మూలకు వెళ్ళిపోయింది.

"ఇంగోసారి అనక్కా. కోడల్నా అనే మాట మర్సిపోయినావు" అన్నాడు ఓబులేసు.

"వద్దు. దానికి తెల్సిపోయింది."

"మరి ఏం చేద్దాం?"

నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే, అక్కడ నిలబడి ఇంకేదైనా ఇవ్వాలని నా చేతులు కొట్టుకుంటున్నాయి. కలింగరకాయ ముక్క చూపించాలని, ఫోనులో దాచుకున్న అత్త మాటలు వినిపించాలని, ఏదో ఒకటి. ఆ కొట్టుకోవడాన్ని చూసే నాకు భయమేసింది. "పక్కకు పోదాం రా. అందరం. దాని ముందర ఎవ్వరమూ వద్దు" అన్నాను.

ఓబులేసుకు ఇష్టం లేదు. అయినా వచ్చాడు. ఎలుగు గదికి వెనకవైపు గోడ నీడలో ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఎదురుగా గుట్టల మీద గాలిమరలు ఆగి ఆగి తిరుగుతున్నాయి. నేను రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను. నీడ నా పాదాల మీదినుంచి జరిగిపోయింది. ఓబులేసు బీడీ తీసి, ముట్టించకుండానే చెవి మీద పెట్టుకున్నాడు.

చాలాసేపటికి లోపల గోళ్ళ చప్పుడైంది. ఆగింది. మళ్ళీ ఏమీ లేదు. ఆ తర్వాత, బోరింగు పంపులో గాలి పట్టినట్టు, ఒక పెద్ద జుర్రు. ఓబులేసు ఎగిరి లేవబోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

"చూడద్దా?" అన్నాడు గొంతు లేకుండా.

"వద్దు."

జుర్రు ఆగింది, మళ్ళీ మొదలైంది. అంబలి అడుగంటినట్టుంది, ఇప్పుడు నాలుక బొచ్చెను నాకుతోంది. నాకే ఊపుకు ఖాళీ బొచ్చె బండల మీద గీసుకుంటూ జరుగుతోంది. కాస్త జరిగి ఆగుతుంది, మళ్ళీ కాస్త జరుగుతుంది. ఆ గీత చప్పుడు గది అంతా దాటుకుని మావైపే వచ్చింది. వచ్చి వచ్చి, సరిగ్గా మా వీపులు ఆనుకున్న చోట, గోడకు టంగున తగిలి నిలిచిపోయింది. అవతల ఊపిరి వినిపిస్తోంది. మేమిద్దరం కదలలేదు.