రిజిస్టరుకెక్కిన మా తాతగారి మేనా

మా ముత్తాతగారు రేపల్లె తాలూకాలో మునసబుగా చేశారు. ఆయన తండ్రి జమీందారు దివాణంలో తగువులు తీర్చిన మనిషి. మా తాతగారు తాలూకా బోర్డు మెంబరు. బోయీలు మోసుకుంటూ ఆయన మేనా రేపల్లె బజారులోకి వస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఈ సంగతి నేర్పేవారు. నా కాలం వచ్చేసరికి నేర్పడానికి ఆ సంగతి, చూపించడానికి ఆ మేనా మిగిలాయి.

అరవైల చివర తెనాలిలో కొందరు కలిసి చరిత్ర సంఘం పెట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లోని పాత వస్తువులు చెదలపాలు కాకముందే ఒకచోట చేర్చాలని వాళ్ళ ఉద్దేశం. ఒక సత్రం మేడ మీద గది దొరికింది. రిటైరైన హెడ్మాస్టరుగారు కార్యదర్శి. నేను సభ్యుడిగా చేరి, మేనా ఇస్తానన్నాను. కోరింది ఒక్కటే. దాని ముందు పెట్టే అట్టముక్క మీద మా తాతగారి పేరు, ఆయన అందులో బోర్డు మీటింగులకు వెళ్ళేవారన్న మాట ఉండాలి. మా వంశం సంగతి నలుగురూ చదివేచోట రాసి ఉండే అవకాశం ఇక మరొకటి లేదు.

మాస్టారు కాదనలేదు. అయితే సంఘానికో నియమం ఉంది. యజమాని మాట మీద ఏ వస్తువూ రిజిస్టరుకెక్కదు. ఆ ఇంటికి చెందని ఇద్దరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాస్తారు. అట్టముక్క మీదికి అందులోదే ఎక్కుతుంది. యుద్ధంలో వాడిందని ఒకాయన ఇచ్చిన కత్తి నాటకాల కంపెనీదని తేలాక ఈ నియమం పెట్టారు. నియమం సరైనదేనన్నాను. మాకు సాక్షుల కొదవ లేదని కూడా అన్నాను.

వెతికితే బతికున్నవాళ్ళు ఇద్దరే తేలారు.

మొదటివారు మేనా తెరలు కుట్టిన సాయిబుగారు. రేపల్లె నుంచి రైల్లో వచ్చారు. చూపు ఆనదు గనక తెర అంచు వేళ్ళతో తడిమి, తన కుట్టేనన్నారు. మా తాతగారు రెండు పొరలు వేసి కుట్టమన్నారట. లోపల గాలి ఆడదండి అంటే ఫర్వాలేదన్నారట. అది రాసుకున్నారు.

రెండో సాక్షి మేనా మోసిన బోయీ. సూర్యలంక దగ్గర కొడుకుల పంచన వలలు బాగుచేసుకుంటూ ఉన్నాడు. నేనే వెళ్ళి, బాపట్లలో టిఫిన్ పెట్టించి, పొన్నూరు మీదుగా బస్సులో తీసుకొచ్చాను. దారంతా మా తాతగారి గొప్పే చెప్పాడు.

గదిలో మేనాను చూడగానే మోసే దండె కింద భుజం ఆనించి చూసుకున్నాడు. మాస్టారు కలం తీసి, ఇందులో ఎవరు ఎక్కేవారని అడిగారు.

“ఎవరూ ఎక్కేవారు కాదండి,” అన్నాడు.

మాస్టారు కలం ఆపారు. మా తాతగారు బోర్డు మీటింగులకు వెళ్ళడం గుర్తు తెచ్చుకోమన్నాను.

“గుర్తుంది బాబుగారూ. ఎనిమిదిమంది మోసేదానికి నలుగురం మిగిలాం. పెద్దయ్యగారు భారీ మనిషి. ఎక్కితే లేచేది కాదండి. తెరలు దించి ఖాళీది బజారెంట పట్టుకెళ్ళేవాళ్ళం. ఆయన వెనక సందులోంచి గట్లమ్మట నడిచొచ్చి బోర్డాఫీసు దగ్గర కలిసేవారు.”

మరి జనం సంగతేమిటని మాస్టారు అడిగారు.

“లేచి దణ్ణాలు పెట్టేవాళ్ళండి. ఖాళీది మోయటం తేలికనుకునేరు. బరువున్నట్టు రొప్పాలి. మా అన్న సరిగ్గా రొప్పట్లేదని పెద్దయ్యగారు రెండుసార్లు కోప్పడ్డారు కూడా.”

ఎన్నాళ్ళు ఇలా జరిగిందంటే, ఆయన పోయేదాకా అన్నాడు. అతని మాటలో ఎగతాళి లేదు. అప్పగించిన పని చక్కగా చేశామన్న తృప్తి ఉంది. మాస్టారు మొత్తం రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించారు. తన పేరు కూడా ఇందులో ఉందా అని బోయీ అడిగాడు. ఉందన్నారు. ఎక్కడో చూపించమని, ఆ చోటువైపు చాలాసేపు చూశాడు.

మాస్టారు రిజిస్టరు నావైపు తిప్పారు. “మీకు అభ్యంతరముంటే మేనా తీసుకెళ్ళిపోవచ్చండి. రాసింది మాత్రం మార్చను.”

మేమే పిలిపించిన సాక్షిని నువ్వు చెప్పింది అబద్ధమని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. యజమాని అని ఉన్నచోట సంతకం చేశాను.

అట్టముక్క మీద మా తాతగారి పేరు పెద్ద అక్షరాలతో రాశారు. తెరలు దించి ఖాళీగా మోసేవారని దాని కింద రాశారు. గది చూడవచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. నేను ఏ సమావేశమూ మానలేదు. మేనా పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

డెబ్భైల మధ్యలో సత్రంవాళ్ళు గది ఖాళీ చేయమంటే సంఘం ఎవరి వస్తువులు వాళ్ళకు తిరిగిచ్చింది. మేనా ఇంటికి చేరిన కొన్నాళ్ళకు మద్రాసు నుంచి పాత వస్తువుల వ్యాపారి ఒకాయన వచ్చి కొంటానన్నాడు. మా తాతగారు ఇందులో తిరిగేవారని రాసివ్వమన్నాడు. తన దగ్గర కొనేవాళ్ళు అడుగుతారట. మాస్టారి దగ్గరే ఉండిపోయిన రిజిస్టరులోని ఆ పేజీకి నకలు, ఒక్క అక్షరం మార్చకుండా రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని మేనా వద్దన్నాడు. దండె చివరలకున్న ఇత్తడి సింహం తలలు రెండూ విప్పించుకుని తీసుకెళ్ళాడు. ఆ ఏడాది మేము అమ్మినవి అవే.