సగం గడ్డం

గోవింద్‌పూర్ లారీల ఫ్యాక్టరీలో రిటైరయ్యాక మా ఆయన ఒక పాత మినీబస్సు కొని, మంచం, పొయ్యి బిగించి ఇల్లులా చేశాడు. దాని బ్రేకుల గాలి మాత్రం ఎక్కడో పోయేది. ఫ్యాక్టరీ మోతకి ఆయన చెవులు ఎప్పుడో మందగించాయి. ఒక ఉదయం, మంచం అడుగున 'స్స్' మంటోందని నేనే చెప్పాను.

సగం గడ్డం గీసుకున్న మనిషి ఆ బ్రష్‌తోనే బస్సు కిందకి దూరి, పైపు అతుకులకి నురగ రాశాడు. ఒకచోట బుడగ ఉబ్బింది. ఆ సగం గడ్డంతోనే సాక్చి బజారుకెళ్లి వాషరు తెచ్చి బిగించాడు. ఇంజను కాసేపు ఆడించి ఆపి, పైకొచ్చి నా నోటికేసి చూశాడు.

"ఏటే, ఆగినాదా?"

నేలకి చెవి ఆనించాను. చప్పుడే లేదు.

"ఇంకా కొంచెం వత్తంది" అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాట కోసం ఆయన అలా కాచుక్కూచున్నది ఎప్పుడు గనక!